గట్టు మీద జనం: ఫుట్‌బాల్ ఆట చుట్టూ మారిన వాతావరణం

ఆటల చరిత్ర రాసేవాళ్ళు గోల్ కొట్టినవాడి పేరు రాస్తారు, కప్పు గెలిచిన ఏడాది రాస్తారు. గట్టు మీద నిలబడి చూసిన జనం గురించి రాసేది తక్కువ. ఎవరు వచ్చారు, ఎవరిని రానివ్వలేదు, ఎక్కడ నిలబెట్టారు, వాళ్ళు ఏమని అరిచారు, ఆట ముగిశాక ఇళ్ళకు క్షేమంగా చేరారా అన్నవి కూడా చరిత్రే. ఆడేవాళ్ళు ఇరవై ఇద్దరు. చూసేవాళ్ళు వేలు, లక్షలు. ఆ లక్షల మందిని వదిలేసి రాసిన చరిత్ర సగం చరిత్రే.

మేము మాడుగుల ప్రాంతంలో పిల్లలకు పాఠాలు చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం. మాడుగుల కొండల కాళ్ళ దగ్గరున్న ఊరు. దాటితే పాడేరు ఘాట్. పై నుంచి దిగేవాళ్ళు, కింద నుంచి ఎక్కేవాళ్ళు కలిసే చోటు. సంతలో కలుస్తాం, మోదకొండమ్మ పండగలో కలుస్తాం, ఆటస్థలంలోనూ కలుస్తాం. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట మండలాల్లో చాలా ఆదివాసీ గూడేలు ఐదో షెడ్యూల్ బయటే ఉన్నాయి. కాబట్టి మన పిల్లలు ఎక్కువగా ఆడేది అందరూ కలిసిన మైదానంలోనే. గట్టు మీద ఎవరు ఉన్నారు, వాళ్ళ నోట ఏం వస్తోంది అన్నది మన పిల్లలు రేపు ఆటకు వస్తారా, మానేస్తారా అన్నదాన్ని తేలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

మా ప్రాంతంలో వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఎక్కువ, ఫుట్‌బాల్ తక్కువ. అయినా ఫుట్‌బాల్ జనం కథనే తీసుకున్నాం. ప్రపంచంలో అంత పెద్ద గుంపును పోగుచేసిన ఆట మరొకటి లేదు. గుంపు మంచీ చెడూ రెండూ అందులో బాగా కనబడతాయి.

గాలిపటం చెప్పిన స్కోరు

మన దేశానికి ఫుట్‌బాల్ తెచ్చింది తెల్ల సైనికులు. సిమ్లాలో డ్యూరాండ్ కప్ 1888లో మొదలైంది, కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ 1893లో మొదలైంది. మొదట్లో ఆడేదీ వాళ్ళే, కుర్చీల్లో కూర్చుని చూసేదీ వాళ్ళే. మనవాళ్ళు దూరంగా నిలబడి చూశారు, తర్వాత ఆడటం నేర్చుకున్నారు.

1911 జులై 29న కలకత్తా మైదానంలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టుతో ఫైనల్ ఆడింది. మోహన్ బగాన్ వాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్ళతోనే ఆడారు. అవతలివాళ్ళ కాళ్ళకు బూట్లు. ఆ రోజు అరవై వేలకు పైగా జనం వచ్చారని అంటారు. ప్రత్యేక రైలు వేశారు, నది మీద అదనపు స్టీమర్లు నడిపారు. గ్యాలరీలు తెల్లవాళ్ళవి. మనవాళ్ళు చెట్లెక్కారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డారు. వెనకున్న వాళ్ళకు ఆట కనబడలేదు. వాళ్ళ కోసం గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలియజేశారు. మోహన్ బగాన్ 2–1తో గెలిచింది.

ఆ జనానికి అది ఆట ఒక్కటే అయితే ఆకాశం వైపు చూస్తూ గంటసేపు నిలబడేవాళ్ళు కారు. బంగాల్ విభజన గాయం ఇంకా మానని రోజులవి. ఎదురు తిరిగితే జైలే. కానీ మైదానంలో తెల్లవాడిని ఓడిస్తే ఎంత గట్టిగా అరిచినా పట్టుకెళ్ళేవాడు లేడు. బయట నోరు మూసుకోవాల్సిన జనానికి గట్టు మీద నోరు తెరిచే చోటు దొరికింది. గుంపుకు ఆ శక్తి ఉందని మన దేశం మొదట చూసింది ఆ రోజునే అని మేము అనుకుంటాం.

ఉత్త కాళ్ళ సంగతిలో మనవాడొకడిని తలుచుకోవాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు తాలిమెరెన్ ఆవ్. నాగా ఆదివాసీ, వైద్యం చదివినవాడు. జులై 31న ఫ్రాన్స్‌తో ఆడిన మ్యాచ్‌లో మన జట్టులో ఎక్కువమంది బూట్లు వేసుకోలేదు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2–1తో ఓడారు. కానీ లండన్ జనం ఓడిన జట్టుకే చప్పట్లు కొట్టారు. పరాయి దేశపు గుంపు కూడా ఆటను చూసి న్యాయంగా స్పందించగలదని అది చెబుతోంది. మన బడుల్లో జయపాల్ సింగ్ ముండా పేరు ఇప్పుడిప్పుడే చెబుతున్నాం, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హాకీ జట్టుకు నాయకుడని. తాలిమెరెన్ ఆవ్ పేరు కూడా ఆ పక్కనే చెప్పాలి.

బడిపంతులు తయారుచేసిన జట్టు

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్. హైదరాబాద్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన బడిపంతులు. పాఠశాలల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, తర్వాత జట్లకు శిక్షణ ఇచ్చారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. 1956, 1957లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965లో మరోసారి వచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ స్వర్ణం, ఇవన్నీ రహీమ్ గారి శిక్షణలో భారత జట్టు సాధించినవే. పిల్లల చేత బలహీనమైన కాలితో మాత్రమే ఆడించే పోటీలు, బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే అందించే పోటీలు ఆయన పెట్టేవారు. ఖర్చు లేని పద్ధతులు. ఏ గూడెం బడిలోనైనా ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

ఆ కాలంలో చూసే జనం ఆడేవాళ్ళకు దూరపువాళ్ళు కారు. గోషామహల్ లాంటి మైదానాల్లో ఆడే కుర్రాడు అదే పేట వాడు. పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగం చేస్తూ సాయంత్రం ఆడేవాడు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్, ఆ తర్వాత మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ దాకా అందరూ గల్లీల్లో పుట్టిన ఆటగాళ్ళే. ఆటగాడు తప్పు చేస్తే గట్టు మీద నుంచి పేరు పెట్టి పిలిచి చెప్పేంత దగ్గరతనం ఉండేది. ముస్లిం, హిందూ, క్రైస్తవ, తెలుగు, ఉర్దూ, తమిళం అన్నీ ఒకే జట్టులో ఉన్నాయి, ఒకే గట్టు మీదా ఉన్నాయి.

జకార్తా కథ మాత్రం వేరు. 1962 ఆసియా క్రీడలకు ఇండోనేషియా ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదు. దాన్ని మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధి తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి భారత్ మీద కోపం వచ్చింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్ రోజున లక్షమంది దాకా నిండిన స్టేడియం మన జట్టును గేలి చేసింది. జాతీయగీతం వస్తున్నా అరుపులు ఆగలేదు. ఆ గుంపులో మనకోసం కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు. జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఆడాడు. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ కొట్టారు. 2–1తో స్వర్ణం మనది. మరుసటి ఏడాది జూన్‌లో రహీమ్ గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పెద్దవాళ్ళ రాజకీయాలు గట్టు మీదకు ఎంత తొందరగా దిగుతాయో జకార్తా చూపించింది. శత్రువనుకున్నవాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టగలడనీ చూపించింది.

జనం పెరిగారు, ప్రాణాలు పోయాయి

జనం పెరిగేకొద్దీ గట్టు చాలలేదు. 1923 ఏప్రిల్ 28న లండన్‌లో కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో మొదటి ఫైనల్. లెక్కలోకి వచ్చినవాళ్ళే 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవాళ్ళతో కలిపి రెండు లక్షలు దాటి ఉంటారని అంచనా. జనం మైదానంలోకే పొంగారు. తెల్ల గుర్రం మీద వచ్చిన పోలీసు మెల్లమెల్లగా జనాన్ని గీత దాకా వెనక్కి నడిపించాకనే ఆట మొదలైంది. ఆ తర్వాతి నుంచి ఫైనల్‌కు ముందే టికెట్ కొనాలన్న పద్ధతి వచ్చింది. 1950లో బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో సుమారు రెండు లక్షల మంది ముందు బ్రెజిల్ ఉరుగ్వే చేతిలో 2–1తో ఓడింది. అంత జనమూ ఒక్కసారిగా మూగబోయిన సంగతి ఆ దేశం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంత జనాన్ని పిలిచినవాళ్ళు వాళ్ళ ప్రాణాల బాధ్యత తీసుకోలేదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఈ రోజుకీ బెంగాల్‌లో ఆగస్టు 16న వాళ్ళ జ్ఞాపకంగా రక్తదానం చేస్తారు.

ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగినదాన్ని మన యువత తప్పక తెలుసుకోవాలి. అభిమానులు మైదానంలోకి దూకకుండా ఇనుప కంచెలు కట్టిన రోజులవి. ఇరుకు చోట్లోకి జనాన్ని వదిలారు. ముందున్నవాళ్ళు కంచెకు నొక్కుకుపోయారు. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి. తప్పు ఎవరిదని అడిగితే పోలీసులు అభిమానుల మీదే వేశారు. తాగి వచ్చారన్నారు, తోసుకొచ్చారన్నారు. పత్రికలు అదే రాశాయి. చనిపోయినవాళ్ళ తల్లులు, తండ్రులు, తోబుట్టువులు ఇరవై ఏడేళ్ళు పోరాడారు. 2016లో జ్యూరీ తేల్చింది: అభిమానుల తప్పు లేదు, వాళ్ళది అన్యాయంగా జరిగిన మరణం అని.

పేదల గుంపును ముందు దోషిగా చూడటం, తర్వాత ఆలోచించడం అక్కడా ఇక్కడా ఒకటే. ఆదివాసీలం గుంపుగా కనబడితే అనుమానంగా చూసే చూపు మనకు కొత్త కాదు. హిల్స్‌బరో కుటుంబాలు మనకు చెప్పేది ఒకటే. మీ మీద వేసిన నింద కాగితం మీదకెక్కినా ఒప్పుకోవద్దు, సాక్ష్యాలు దాచుకోండి, కలిసి ఉండండి.

ఇది పాత కథ అనుకోడానికి లేదు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని మలాంగ్‌లో ఓడిన జట్టు అభిమానులు మైదానంలోకి దిగితే పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఊపిరాడక, గేట్ల దగ్గర తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు.

కుర్చీ వచ్చింది, టికెట్ పెరిగింది

హిల్స్‌బరో తర్వాత ఇంగ్లండ్‌లో కంచెలు తీసేశారు. పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే గట్లు తీసేసి అందరికీ కుర్చీలు వేశారు. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైంది, టీవీ సొమ్ము వచ్చింది. ఆట చూడటం క్షేమమైంది. కుటుంబాలతో రావడం పెరిగింది. అది మంచి మార్పు. కానీ టికెట్ ధర కూడా పెరిగింది. గని కూలీ, ఓడరేవు కూలీ, వాళ్ళ పిల్లలు నిలబడిన చోట డబ్బున్నవాళ్ళు కూర్చున్నారు. జనం ప్రాణాలు కాపాడటానికి పేదవాడిని బయటికి పంపాల్సిన అవసరం లేదు. క్షేమం వేరు, ధర వేరు. ఆ రెండింటినీ ముడిపెట్టినవాళ్ళు వ్యాపారులు.

మన దేశంలో కుర్చీ కథ ఇంకో దారి పట్టింది. 1997 జులై 13న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. ఆ తర్వాత టీవీలో విదేశీ లీగులు వచ్చాయి, క్రికెట్ అన్నిచోట్లా నిండిపోయింది. 2018 జూన్ 1న ముంబైలో భారత జట్టు చైనీస్ తైపీతో ఆడితే వచ్చినవాళ్ళు మూడు వేలు కూడా లేరు. మరునాడు కెప్టెన్ సునీల్ ఛెత్రి ఒక వీడియోలో చేతులు జోడించినంత పనిచేసి స్టేడియానికి రండి అని అడిగాడు. మమ్మల్ని తిట్టండి, కానీ వచ్చి తిట్టండి అన్నాడు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. జనం చచ్చిపోలేదు, పిలిచేవాడు లేక దూరమయ్యారు.

రహీమ్ గారి ఊరికి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో కొత్త క్లబ్ వచ్చింది, గచ్చిబౌలి స్టేడియంలో ఆడింది. మన విశాఖపట్నం పేరు మీద కూడా ఒక క్లబ్‌కు ఐ–లీగ్‌లో చోటు దొరికింది. శ్రీనిధి డెక్కన్ పేరుతో అది ఆడింది మాత్రం హైదరాబాద్‌లో. ఇంతలో కరోనా వచ్చింది. 2020–21లో ఐఎస్ఎల్ మొత్తం గోవాలో ఖాళీ స్టేడియాల్లో జరిగింది. బంతి తన్నిన చప్పుడు, కోచ్ కేక తప్ప ఇంకేమీ వినబడలేదు. జర్మనీలో ఖాళీ కుర్చీల్లో అభిమానుల అట్టబొమ్మలు నిలబెట్టారు. జనం లేకపోతే ఆట ఎలా ఉంటుందో ప్రపంచమంతా ఒకేసారి చూసింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ కప్పు గెలిచింది. కానీ 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పాత పోలీసు జట్టు ఏ పేటదో ఆ పేటలోనే ఉండేది. కంపెనీ జట్టు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోగలదు, గట్టు మీదవాళ్ళను అడగక్కర్లేదు.

2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఆటగాడు మెస్సీ కోల్‌కతాకు వచ్చాడు. మ్యాచ్ లేదు. చూడటానికే టికెట్లు, అవీ వేలల్లో. నాయకులూ ప్రముఖులూ చుట్టూ మూగడంతో గ్యాలరీలో ఉన్నవాళ్ళకు ఆయన కనబడలేదు. కాసేపటికే వెళ్ళిపోయాడు. జనం కోపంతో కుర్చీలు విరిచి విసిరారు. అదే సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో కార్యక్రమం సాఫీగా జరిగింది. ఒకప్పుడు ఆట చూడటానికి చెట్టెక్కిన కోల్‌కతా, ఆట లేని రోజున డబ్బు పోసి మనిషి కనబడక కుర్చీలు విరిచింది. నూట పద్నాలుగేళ్ళలో వచ్చిన మార్పు ఇది.

అదే కోల్‌కతాలో ఇంకో మంచి సంగతీ ఉంది. 2024 ఆగస్టులో ఆర్.జి. కర్ ఆసుపత్రిలో వైద్యురాలి మీద జరిగిన ఘోరానికి నిరసనలు సాగుతుంటే ఆగస్టు 18న జరగాల్సిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దు చేశారు. వందేళ్ళుగా ఒకరినొకరు తిట్టుకునే రెండు జట్ల అభిమానులు ఆ రోజు స్టేడియం బయట ఒకే నినాదంతో న్యాయం అడిగారు. మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులూ కలిశారు. గుంపులో ఆ గుణం ఇంకా చావలేదు.

ఆడవాళ్ళు ఎక్కడ నిలబడాలి?

1920 డిసెంబరు 26న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఫ్యాక్టరీ కార్మికురాళ్ళ జట్టు డిక్ కెర్ లేడీస్ ఆడితే చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 5న అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదని తీర్మానించి తమ మైదానాలు ఇవ్వకుండా చేసింది. ఆ నిషేధం యాభై ఏళ్ళు నడిచింది. జనం రాకపోవడం వల్ల ఆడవాళ్ళ ఆట ఆగిపోలేదు, జనం బాగా వచ్చారు కనకనే ఆపారు. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనాలో ఆడవాళ్ళ మ్యాచ్‌కు 91,648 మంది వచ్చారు. మధ్యలో పోయిన వందేళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

ఇరాన్‌లో ఆడవాళ్ళు స్టేడియంలో అడుగుపెట్టకూడదన్న ఆంక్ష దశాబ్దాలు నడిచింది. మగవేషంలో స్టేడియంకు వెళ్ళి పట్టుబడిన సహర్ ఖొదాయారి కోర్టు బయట ఒంటికి నిప్పంటించుకుని 2019 సెప్టెంబరులో చనిపోయింది. నెల తర్వాత అక్టోబరు 10న టెహ్రాన్‌లో కంబోడియాతో మ్యాచ్‌కు కొన్ని వేలమంది ఆడవాళ్ళకు టికెట్లు ఇచ్చారు.

మన ఇళ్ళకు దగ్గరి సంగతి చెబుతాం. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్ళింది. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. జార్ఖండ్ గుమ్లా జిల్లాకు చెందిన ఉరావ్ ఆదివాసీ అష్టమ్ ఉరావ్ 2022లో భువనేశ్వర్‌లో అండర్–17 ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకురాలు. ఆమె పేరు వచ్చాక వాళ్ళ ఊరికి ప్రభుత్వం రోడ్డు వేయడం మొదలుపెట్టింది. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలికి పనిచేశారు. బిడ్డ ఆట చూడటానికి వాళ్ళింట్లో టీవీ కూడా లేదు, అధికారులు తెచ్చి పెట్టారు. దేశమంతా చప్పట్లు కొట్టిన రోజున కన్నవాళ్ళ చేతిలో పలుగూ పారా ఉన్నాయి. ఈ సంగతి చదివి గర్వపడాలో బాధపడాలో మాకు తేలలేదు. రెండూ పడాలి.

నోటి మాట

గట్టు మీద నుంచి వచ్చే మాట రాయి కన్నా గట్టిగా తగులుతుంది. 2023 మే 21న స్పెయిన్‌లోని వాలెన్సియా స్టేడియంలో బ్రెజిల్ ఆటగాడు వినీసియస్ జూనియర్‌ను నల్లవాడని కోతి అంటూ అవమానించారు. అతను ఆట ఆపి, అన్నవాడిని వేలెత్తి చూపించాడు. 2024 జూన్‌లో ముగ్గురు అభిమానులకు అక్కడి కోర్టు ఎనిమిది నెలల జైలు శిక్ష వేసింది. ఆటలో ఇవన్నీ మామూలే అని అంతవరకు అందరూ అన్నారు. మామూలు కాదని ఆ పిల్లాడు నిలబడితే తేలింది.

కొండోడు, అడివోడు, బట్టలు కట్టడం రానోడు లాంటి మాటలు మైదానం గట్టు మీద మనమూ విన్నాం. మన పిల్లాడు గోల్ కొట్టినా, సర్వీస్ తప్పినా మాట మాత్రం జాతి మీదకే పోతుంది. పిల్లలు ఇంటికొచ్చి చెప్పరు, మరునాడు ఆటకు వెళ్ళరు. కడుపునొప్పి అంటారు. టీచర్లు ఈ కడుపునొప్పిని గుర్తుపట్టాలి.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, నలుగురూ చూసే చోట ఎస్టీ వ్యక్తిని కించపరచాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా నేరమే. ఆటస్థలం నలుగురూ చూసే చోటే. ఈ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలోనూ మాడుగుల లాంటి మైదానంలోనూ ఒకేలా వర్తిస్తుంది. ప్రతి మాటకూ కేసు పెట్టమని చెప్పడం లేదు. కానీ మాట అన్నవాడికి ఈ సంగతి తెలిసి ఉండాలి, విన్న పిల్లాడికీ తెలిసి ఉండాలి. మన పిల్లలు కూడా అవతలి జట్టు పిల్లల కులాన్నీ రంగునీ ఎత్తకూడదు. మనకు నొప్పి అయినది వాళ్ళకూ నొప్పే.

మేకపోతు బహుమతి

జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఆదివాసీ యువకులు ఆడే ఫుట్‌బాల్ పోటీలను ఖస్సీ టోర్నమెంట్లు అంటారు. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకు అదే బహుమతి. కోసుకుని ఊరంతా కలిసి తింటారు. కప్పు అయితే ఒకరింట్లో బీరువా మీద ఉండిపోతుంది. మేకపోతు అందరి కడుపులోకి వెళుతుంది. ఆడినవాడికీ, గట్టు మీద అరిచినవాడికీ గెలుపు పంచే పద్ధతి అది.

మనకు ఇది కొత్తేమీ కాదు. ఇటుకల పండగలో వేట నుంచి తెచ్చినది పంచుకునేవాళ్ళం. దింసాలో చూసేవాళ్ళకూ ఆడేవాళ్ళకూ మధ్య గీత ఉండదు. డప్పు, తుడుము, కొమ్ము మోగితే చూస్తున్నవాళ్ళు వరసలో చేయి కలుపుతారు. ఆడా మగా, ముసలీ ముతకా ఒకే వరసలో ఉంటారు. స్టేడియాలు వందేళ్ళు తిరిగి, కంచెలు కట్టి, కంచెలు పీకి, ఇప్పుడు కుటుంబాలతో రండి అని పిలుస్తున్నాయి. మన ఆటస్థలం ఆ పిలుపుతోనే మొదలైంది.

కానీ మన గట్టు కూడా మారుతోంది. సంక్రాంతి ఆటల పోటీలకు డప్పు పోయి డీజే పెట్టెలు వచ్చాయి. ఆ చప్పుడులో పక్కవాడి మాటే వినబడదు, ఇక ఆటగాడి పేరు పెట్టి పిలిచేదెవరు? ఫ్లెక్సీలో నాయకుల బొమ్మలు పెద్దవి, పిల్లల పేర్లు చిన్నవి. ప్రైజు మనీ పెరిగి పందేలు వచ్చాయి, పందెంతో మందు వచ్చింది, మందుతో కొట్లాట వచ్చింది. అప్పుడు అమ్మలు, అక్కలు గట్టు దిగి ఇంటికి పోయారు. ఆడపిల్లల ఆటకు చూసేవాళ్ళు లేరంటారు. చూసే చోటు వాళ్ళకు మిగల్చలేదు కదా. ఇక మిగిలినవాళ్ళు ఫోన్‌లో వేరే దేశం మ్యాచ్ చూస్తూ గట్టు మీద కూర్చుంటున్నారు.

మన గట్టును నిలబెట్టుకుందాం

చరిత్ర చదివి ఊరుకుంటే లాభం లేదు. బడి పోటీల్లో, గూడెం పోటీల్లో మేము చేయగలిగినవిగా తోచినవి చెబుతాం. ఇవి రూపాయి ఖర్చు లేనివి, లేదా చాలా తక్కువ ఖర్చువి.

ఆట మొదలుకాక ముందే మైకులో ఒక మాట చెప్పాలి: కులం, జాతి, రంగు, ఆడతనం ఎత్తి ఎవరైనా మాట్లాడితే ఆట ఆపుతాం అని. చెప్పాక నిజంగా ఆపాలి. ఒక్కసారి ఆపితే చాలు, ఊరంతా తెలుస్తుంది. గీత చుట్టూ తాడు కట్టాలి, జనం వెళ్ళే దారి వెడల్పుగా ఖాళీగా ఉంచాలి. హిల్స్‌బరోలో, మలాంగ్‌లో ప్రాణాలు పోయింది దారి మూసుకుపోయినందుకే. ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ నీడలో ముందు వరస చోటు ఇవ్వాలి. ఆడపిల్లల మ్యాచ్ మధ్యాహ్నపు ఎండలో కాకుండా జనం వచ్చే సాయంత్రం వేళ పెట్టాలి. డీజే బదులు ఊరి వాయిద్యాలు పిలవాలి. బహుమతి డబ్బు తగ్గించి, అందరూ కలిసి తినే భోజనం పెట్టాలి. మందు, పందెం గట్టు మీదకు రానివ్వకూడదు. ఈ మాట ఊరి పెద్దల చేత చెప్పించాలి, బయటి పోలీసుల దాకా పోనవసరం లేదు.

యువతకు ఇంకొక పని. మీ గూడెంలో పెద్దవాళ్ళను అడగండి. మీ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాళ్ళు, ఎక్కడ ఆడేవాళ్ళు, ఆ నేల ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఆడవాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళా, గెలిచినవాళ్ళకు ఏమిచ్చేవాళ్ళు, కొట్లాట వస్తే ఎవరు సర్దేవాళ్ళు అని అడిగి రాసుకోండి. ఒక్కో గూడెం నుంచి రెండు పేజీలు వచ్చినా చాలు. కలకత్తా జనం గాలిపటాల సంగతి ఎవరో రాసి పెట్టారు కాబట్టే నూరేళ్ళు దాటినా మనం చదువుతున్నాం. మన గట్టు మీద జనం కథ మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఆడే మైదానం ప్రభుత్వం ఇవ్వాలి, బంతి బడి ఇవ్వాలి. ఆ రెండింటికోసం అడుగుతూనే ఉందాం. గట్టు మీద మర్యాద మాత్రం ఎవరో ఇచ్చేది కాదు. అది మనం నిలబడే తీరులో, మనం అరిచే మాటలో ఉంది. ఈసారి పోటీల్లో మన పిల్ల ఓడినా సరే, చప్పట్లు కొట్టి ఇంటికి తీసుకొద్దాం. మరునాడు ఆ పిల్ల మళ్ళీ మైదానానికి వస్తే, గెలిచింది ఊరే.